నీటి మీద కో పన్యీ, కొండ మీద హువాయ్ కేవ్

థాయ్‌లాండ్‌లో కొన్ని ఊళ్లు కలిస్తే ఒక తంబోన్. ఊరి పెద్దల్లోంచే ఒకరు తంబోన్ పెద్ద, అంటే 'కమ్నన్' అవుతారు. పన్ను, రోడ్డు లాంటి పనులకు ఎన్నికైన స్థానిక సంస్థ వేరే ఉంటుంది. కాగితం మీద అన్ని తంబోన్లూ దాదాపు ఒకటే. వెళ్లి చూస్తేనే తేడా.

ఫాంగ్ ఙా అఖాతంలోని కో పన్యీ తంబోన్‌లో పేరున్న ఊరు దాదాపు మొత్తం నీటిలో దిగేసిన గుంజల మీదే నిలబడింది. జావా నుంచి వచ్చిన ముస్లిం జాలర్లు మొదలుపెట్టారట. ఆడుకోవడానికి నేల లేక, 1986లో అక్కడి పిల్లలు పాత చెక్కలు, తెప్పలు జోడించి తేలే ఫుట్‌బాల్ మైదానం కట్టేసుకున్నారు. బంతి మాటిమాటికీ నీళ్లలో పడేది, పైకి లేచిన మేకులు సరేసరి! అయినా మంచి జట్టు తయారైంది. మధ్యాహ్నం మాత్రం పడవల కొద్దీ టూరిస్టులు, గోల.

చియాంగ్ మాయ్ దగ్గర హువాయ్ కేవ్ తంబోన్‌లోని మే కంపాంగ్ కథ వేరు. అడవి నీడలో తేయాకు చెట్లు. ఆ ఆకును ఉడికించి, పులియబెట్టి, 'మియాంగ్' చేసి ఉప్పుతో నములుతారు. వాగు నీటితో కరెంటు తీసుకున్న ఊరు ఇది. 2000 నుంచి ఇళ్లలోనే అతిథులకు బస ఇస్తున్నారు, ఆ డబ్బులో కొంత ఊరి నిధికి పోతుంది.

చూసి రావడానికి పన్యీ చాలు. ఊరివాళ్లు ఎలా కలిసి నడుపుకుంటున్నారో తెలియాలంటే మే కంపాంగ్‌లో రాత్రి ఉండాలి. నా ఓటు దానికే, శనాదివారాలు తప్పించి.