థీసిస్ ఎడిటింగ్ ప్యాకేజీలతో జాగ్రత్త, ఇంటర్వ్యూల్లో మాటలు కూడా ఏఐతో మార్చేస్తున్నారు

పీహెచ్‌డీ సబ్మిషన్ దగ్గర పడ్డ సోషల్ సైన్స్ స్కాలర్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "లాంగ్వేజ్ ఎడిటింగ్, ఫార్మాటింగ్, సిమిలారిటీ (ఇతరుల రాతలతో పోలిక) 10 శాతం లోపు, ఏఐ జీరో గ్యారంటీ" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్యాకేజీల్లో ఒకటి నేను తీసుకున్నాను. 18 వేలు, సగం ముందే కట్టాలి. నేను అడిగింది ఇంగ్లీషు తప్పులు దిద్దడం, రిఫరెన్సులు ఏపీఏ పద్ధతిలో పెట్టడం, అంతే. వాళ్లు మాత్రం చాప్టర్లన్నీ ఏఐలో వేసి తిరగరాయించి పంపారు, ఆ సంగతి మాటమాత్రం కూడా చెప్పకుండా.

నా పని నిజామాబాద్ జిల్లా బీడీ కార్మికుల మీద. తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఆడవాళ్లు చెప్పిన మాటలు రికార్డు చేసుకుని, ముందు తెలుగులో రాసుకుని, ఇంగ్లీషులోకి నేనే మార్చుకున్నాను. అందులో ఒకామె, "వెయ్యి బీడీలు ఇస్తే బాగలేవని కొన్ని తీసి పారేస్తడు, వాటికి పైసలియ్యడు" అంది. తిరిగొచ్చిన ఫైల్లో అదే మనిషి, ఈ పని తనకు ఆర్థిక స్వాతంత్ర్యాన్నీ సాధికారతనూ ఇచ్చిందనీ, నాణ్యతా ప్రమాణాల విషయంలో కొన్ని సవాళ్లు ఎదురవుతున్నాయనీ చెబుతోంది. అదీ కొటేషన్ మార్కుల మధ్య! ఆమె సాధికారత ఊసే ఎత్తలేదు. కూలీలో పడే ఆ కోత మీదే నా చాప్టర్ వాదన మొత్తం నిలబడి ఉంది, దాన్నే తీసేశారు. ల్యాబ్‌లో రీడింగులు దిద్దితే ఎంత తప్పో, మన దగ్గర మనిషి చెప్పిన మాట దిద్దడం అంతే తప్పు. చదవడానికి నున్నగా ఉంటుంది కాబట్టి తొందరలో పట్టుకోలేం కూడా, నేను ఆడియో పక్కన పెట్టుకుని ఒక్కో కొటేషన్ సరిచూశాను కాబట్టి దొరికింది.

రిఫరెన్సుల్లో నేను పెట్టనివి కొన్ని వచ్చి చేరాయి. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రిక అని ఉంది, సంవత్సరం, సంపుటి, పేజీలు అన్నీ ఉన్నాయి, వెతికితే అసలు ఆ వ్యాసమే లేదు. ఈ చాట్‌బాట్లు ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాస్తాయి, అందుకే లేని వ్యాసానికి కూడా నమ్మేలా పేరు పుట్టిస్తాయి. 2023లో న్యూయార్క్ కోర్టులో చాట్‌జీపీటీ కల్పించిన కేసులను ఉదహరించిన ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. రేపు వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) "ఈ వ్యాసం చూపించమ్మా" అని ఎగ్జామినర్ అడిగితే సమాధానం చెప్పాల్సింది మనమే, ఏజెన్సీ వాడు కాదు.

ఇక ఆ జీరో గ్యారంటీ సంగతి. సిమిలారిటీ శాతం వేరు, ఏఐ శాతం వేరు, వీళ్లు రెండూ కలిపి అమ్ముతున్నారు. ఏఐ రాసిందో మనిషి రాశాడో కచ్చితంగా తేల్చే టూల్ లేదు. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో తీసేసింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలను కూడా ఇలాంటి డిటెక్టర్లు ఏఐవని పొరబడ్డాయని అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు, అంటే మనలాంటివాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ. మరి వీళ్లు జీరో ఎలా తెస్తున్నారు? ఏఐ రాసినదాన్ని ఇంకో టూల్‌లో వేసి మాటలు అటూ ఇటూ మారుస్తున్నారు. అర్థం పోయినా వాళ్లకు పట్టదు.

ఇదేంటని అడిగితే, "అందరూ వాడుతున్నారు మేడమ్, మీ గైడ్‌కి తెలీదు, టెన్షన్ పడకండి" అని సమాధానం. డబ్బు వెనక్కి ఇవ్వలేదు సరికదా, మిగతా సగం కోసం ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్ నా సొంత పని అని హామీపత్రం ఇచ్చేది స్కాలర్, సర్టిఫికెట్ ఇచ్చేది గైడ్. సిమిలారిటీ 10 శాతం దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తర్వాత ఆ థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలోకి వెళ్లి ఎవరైనా చదివేలా ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. "ఇంటర్వ్యూల ఆడియో పంపండి, కోడింగ్ కూడా మేమే చేసిస్తాం" అన్నారు. కోడింగ్ అంటే ఇక్కడ ఇంటర్వ్యూ మాటలను అంశాలవారీగా గుర్తులు పెట్టి విడగొట్టడం. నా డ్రాఫ్టులో మారుపేర్లే ఉన్నాయి, ఆడియో పంపలేదు. దయచేసి మీరూ పంపకండి. పేర్లు, ఊర్లు బయటికి రానివ్వబోమని ఆ మనుషులకు మాటిచ్చి సంతకం తీసుకున్నాం, వాళ్ల గొంతులు ఏ సర్వర్‌లో పడతాయో మనకు తెలీదు.

ఏఐ అసలు వాడొద్దని నేను అనను. నేను రాసిన పేరాలో వ్యాకరణం చూడమంటాను, నా వాదనకు ఎదురు ప్రశ్నలు వేయమంటాను. ఇంటర్వ్యూ మాటలు మాత్రం అందులో పెట్టను. ఏం అడిగానో దాచుకుంటాను, గైడ్‌కి చెప్పాను, మెథడాలజీలో రాశాను. ఎడిటర్ కావాలంటే ట్రాక్ చేంజెస్‌లో (వర్డ్‌లో ప్రతి మార్పూ కనబడేలా) చేసేవాళ్లనే తీసుకోండి, ఏఐ వాడతారా అని ముందే మెసేజ్‌లో అడిగి సమాధానం రాయించుకోండి. దాటవేస్తే అడ్వాన్స్ కట్టకండి.

ఇప్పటికే ఫైల్ తెచ్చుకున్నవాళ్లు వర్డ్‌లో రివ్యూ కింద కంపేర్ ఉంటుంది, పాతదీ కొత్తదీ పెట్టి చూడండి. ముందు కొటేషన్లు, తర్వాత రిఫరెన్సులు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. మార్పులు కనబడితే సబ్మిట్ చేయకముందే గైడ్‌కి చెప్పేయండి, వాళ్లతో జరిగిన చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి.