ఆటోనగర్ పునుగుల బండి: రేటు అదే, లెక్క వేరు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రం బిల్టీల (సరుకు రవాణా రసీదుల) పని ముగించుకుని ఇంటికెళ్తూ ఒక పునుగుల బండి దగ్గర ఆగడం ఎనిమిదేళ్ల అలవాటు. ఈ ఎనిమిదేళ్లలో నాకు షుగర్ వచ్చింది గానీ పునుగులు మాత్రం ఆగలేదు. బండి పేరు చెప్పను. మళ్లీ రేపు ఆయన మొహం చూడాలి.

రుచికి వంక పెట్టలేం. బాగా పులిసిన ఇడ్లీ పిండిలో కాస్త మైదా, జీలకర్ర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలిపి, నాలుగు వేళ్లతో పిండి తీసి, బొటనవేలితో నూనెలోకి నెడతాడు. ఒక్కటి కూడా తోక రాకుండా గుండ్రంగా పడుతుంది. పైన కరకర, లోపల గుల్ల. అల్లం పచ్చడి కొంచెం తీపి, పల్లీ చట్నీ పల్చన. అడిగితే పైన కారప్పొడి, ఉల్లిముక్కలు చల్లుతాడు. అడక్కపోతే చల్లడు. పచ్చడి రెండోసారి వేయించుకోవాలంటే మాత్రం ఓ మాట పడాలి.

ఇక లెక్క. 2021 చివర్లో ప్లేటు ముప్పై రూపాయలు, పన్నెండు పునుగులు. 2022 వేసవిలో అవి పదయ్యాయి. అప్పుడు ఆయన్ని ఏమీ అనలేకపోయాను. ఆ ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రావడం కష్టమైంది. ఏప్రిల్ 28 నుంచి ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి, మే 23న గానీ మళ్లీ వదల్లేదు. తర్వాత కొన్ని నెలలకి నూనె దిగింది. పునుగులు పది దగ్గరే ఆగాయి. 2024 సెప్టెంబర్‌లో దిగుమతి నూనెల మీద సుంకం పెంచారు, పునుగులు ఎనిమిదయ్యాయి. 2025 మే నెలాఖరులో ముడి వంటనూనెల మీద ఆ సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించారు. నేను ఆశగా వెళ్లి లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదే.

ఒకరోజు జనం లేనప్పుడు అడిగేశాను. "ఏమయ్యా, నూనె దిగిందిగా?"

"డీజిల్ దిగలేదుగా బాబాయ్. ఉల్లిపాయలు నడిచొస్తాయా?"

నా దగ్గరా డీజిల్ మాట! రోజూ నేను చేసేదే ఆ లెక్క. నాసిక్ నుంచి విజయవాడకి సుమారు వెయ్యి కిలోమీటర్లు. పది చక్రాల బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే 250 లీటర్లు. డీజిల్ లీటరుకి ఏకంగా పది రూపాయలు పెరిగిందనుకున్నా 2,500. బండిలో 16 టన్నుల ఉల్లిపాయలుంటే కిలోకి పదహారు పైసలు. వెనక్కి ఖాళీగా వెళ్లే కిరాయి కూడా వేసుకోండి, ముప్పై రెండు. పైగా 2022 మే నుంచి 2024 మార్చి దాకా బంకుల్లో అంకె దాదాపు కదలనే లేదు, ఆ మధ్య ముడిచమురు బ్యారెల్ నూటిరవై డాలర్ల నుంచి డెబ్బైల్లోకి జారినా సరే. మన రాష్ట్రంలో డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం, ఆపైన లీటరుకి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే మా డ్రైవర్లు కర్ణాటక దాటి వచ్చేటప్పుడు ట్యాంకు అక్కడే నింపుకుని వస్తారు. కాబట్టి డీజిల్ పేరు చెప్పి కిలో మీద ఐదు రూపాయలు వేసే వాళ్లెవరైనా సరే, నా దగ్గర చెల్లదు.

ఇదంతా ఓపిగ్గా విని, బండి కింద ఉన్న నీలం గ్యాస్ బండని కాలితో తట్టి చూపించాడు. "మీ ఇంట్లో ఎర్ర బండ రేటు ఎప్పుడో గానీ మారదు. నాది ప్రతి నెలా ఒకటో తారీఖున మారుద్ది."

ఇది నిజమే. ఇంటి బండ 2023 ఆగస్టులో రెండొందలు, 2024 మార్చిలో వంద తగ్గింది, 2025 ఏప్రిల్‌లో యాభై పెరిగింది. మధ్యలో బయట ఏం జరిగినా మా వంటింటికి తెలియలేదు. వ్యాపారుల 19 కిలోల బండకి ఆ గొడుగు లేదు. చమురు మార్కెట్ ఊగిన ఊపు మా వంటింట్లో గ్యాస్ పుస్తకంలో కనపడదు, ఈ ప్లేట్లో కనపడుతుంది. నూనె సంగతి కూడా అంతే. ఇక్కడ పునుగులు వేగే పామాయిల్‌నే ఇండోనేసియా వాళ్లు బయోడీజిల్‌గా మార్చి, 2025లో తమ డీజిల్లో 40 శాతం దాకా కలపడం మొదలెట్టారు. ముడిచమురు ఎక్కితే పామాయిల్ ఎక్కడానికి అదొక దారి.

అయినా నా లెక్క నాది. ఆయన మాట ప్రకారం రోజుకి నూట యాభై ప్లేట్లు, బండ నాలుగు రోజులు వస్తుంది. బండ మీద వంద పెరిగితే ప్లేటుకి పదిహేడు పైసలు. ప్లేటు పునుగులు పీల్చే నూనె పదిహేను గ్రాములనుకుంటే, కిలోకి ముప్పై పెరిగినా నలభై ఐదు పైసలు. రెండూ కలిపి రూపాయి లోపు. 2024లో ఆయన తీసేసిన రెండు పునుగులు ఆరు రూపాయల సరుకు.

దానికి ఆయన చెప్పిన జవాబు మాత్రం నన్ను కాసేపు ఆపింది. "ప్లేట్లు కడిగే కుర్రాడికి రోజుకి వంద పెంచాను బాబాయ్. వాళ్లింట్లోనూ నూనె కొనాలి, వాడి బండిలోనూ పెట్రోల్ పోయాలి." అంటే ప్లేటుకి ఇంకో అరవై ఏడు పైసలు. మినప్పప్పు, చోటు అద్దె అన్నీ కలిపి మూడు రూపాయల దాకా ఒప్పుకున్నాను. మిగతా మూడు ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అడక్కుండానే రెండు పునుగులు ఎక్కువ వేశాడు మరి ఆరోజు.

నాకు అసలు నచ్చనిది ఇంకోటుంది. నూనె ధర పేపర్లో చూడక్కర్లేదు, ఆయన బాణలిలో చూస్తే చాలు. చౌకగా ఉన్న రోజుల్లో సాయంత్రం మొదటి వాయికి నూనె తేనె రంగులో ఉండి, బాణలి అడుగు కనపడుతుంది. ఖరీదైన రోజుల్లో నిన్నటి నూనెతోనే మొదలెడతాడు. ఆరింటికే డికాషన్ రంగు. పిండి పడగానే నురగ అంచుల దాకా పొంగి, నిదానంగా గానీ దిగదు. అలాంటి రోజు తింటే రాత్రంతా గుండె మంట. రెండు పునుగులు తగ్గినా తట్టుకుంటాను గానీ దీన్ని తట్టుకోలేను. ముప్పై ఐదు అని బోర్డు రాసి, నూనె మార్చమని రెండుసార్లు చెప్పాను. "రేటు పెంచితే జనం పక్క బండికి పోతారు, లెక్క తగ్గితే ఎవరూ చూడరు" అన్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్తే మా ఆవిడ లేచి వంటింట్లోంచి నూనె ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. లీటరు అంటే 910 గ్రాములు ఉండాలి. చూడ్డానికి అదే కవరు, మూలన చిన్న అక్షరాల్లో 850 గ్రాములు. "మీ బండాయన ఒక్కడే అనుకుంటున్నారా?" అంది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర, తోక రాకుండా పిండి వేసే చేతికి. వెళ్తే ఆరు లోపు వెళ్లండి, ముందు బాణలిలోకి తొంగి చూడండి. అడుగు కనపడితే ఆర్డర్ చెప్పండి, లేదంటే పక్కన చెరుకు రసం తాగి వచ్చేయండి. పార్శిల్ వద్దు, ఇంటికెళ్లేసరికి మెత్తబడతాయి. ప్లేటు చేతికి వచ్చాక ఆయన ఎదురుగా లెక్కపెట్టకండి. నేను పెట్టాను, వారం రోజులు పచ్చడి తక్కువేశాడు.