బరంపురంలో ఆదివారం తరగతి: పన్ను తక్కువ కట్టే కంపెనీని ఎలా చూడాలి

రుసుము పదిహేను వందలు, భోజనంతో సహా. గిరి రోడ్డు దగ్గర ఒక మేడ మీది గది. చెప్పేది ఒక చార్టర్డ్ అకౌంటెంటు. ఒడియా ఆయనే అయినా తెలుగు ధారాళంగా వస్తుంది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన వాళ్లడిగిన ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పారు. కంపెనీల పన్ను ప్రణాళికను వాటాదారు ఎలా చదువుకోవాలన్నది పాఠం. ఆ మాత్రానికి ఆదివారమంతా ఎందుకని మా వారు నవ్వారు. కొట్టు ఆయనకు అప్పగించి వెళ్లాను.

మాది పట్టుచీరల వ్యాపారం, లెక్కలు నా చేతిలోనే ఉంటాయి. చట్టం ఇచ్చిన మినహాయింపును కాదని వదులుకున్న వ్యాపారిని ఈ ఊళ్లో నేను చూడలేదు. మరి పన్ను తక్కువ కట్టిన కంపెనీని మదుపరి మెచ్చుకోకుండా అనుమానంగా ఎందుకు చూడాలి? నాకు కావలసిన జవాబు అదే.

పొద్దుటి పూట పాఠం పేలవం. సెక్షన్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయారు. చాలా మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 115బీఏఏ సెక్షన్ కింద పన్ను 22 శాతం, సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 25.17 శాతం. ఇది ఎక్కడైనా దొరికే సమాచారమే. చేతికిచ్చిన కాగితాల్లో అన్నీ 1961 చట్టం నంబర్లే. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఏది ఎక్కడికి మారిందో పక్కన ఒక వరుస వేస్తే ఏం పోయేది? డబ్బు తీసుకున్నప్పుడు ఆ కష్టం పడాలి.

ఆ పూట నిద్ర పట్టకుండా కాపాడింది 2019 సెప్టెంబర్ 20 కథ ఒక్కటే. ఆ రోజు కార్పొరేట్ పన్ను తగ్గిస్తున్నట్టు కేంద్రం ప్రకటించగానే సెన్సెక్స్ 1,921 పాయింట్లు లేచింది. మదుపరులకు పన్ను అంటే ఎంత పట్టింపో అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, అదే తగ్గింపు వల్ల ఆ త్రైమాసికంలో యాక్సిస్ బ్యాంకు 112 కోట్ల నష్టం చూపించింది. ముందు ముందు పన్నులో తగ్గించుకోవచ్చని ఆస్తిగా రాసుకున్న మొత్తం, రేటు పడిపోగానే విలువ కోల్పోయింది. ఒక్కసారిగా 2,138 కోట్ల భారం పడింది. దీనికే వాయిదా పన్ను అని పేరు. ఆ మాటను నేను ఇంతకాలం బ్యాలెన్స్ షీట్‌లో దాటేసి పోయేదాన్ని. ఇకమీదట దాటను.

దాల్మా, అన్నం బాగున్నాయి. అసలు తరగతి ఆ తర్వాతే మొదలైంది.

అందరినీ ఒక వార్షిక నివేదిక తెచ్చుకోమన్నారు. మన వైపు ఫ్యాక్టరీలు కాబట్టి ఎక్కువ మంది చేతుల్లో దామంజోడి నాల్కో, రాయగడ జేకే పేపర్ పుస్తకాలే. వెనక నోట్స్‌లో ఒక పట్టిక ఉంటుంది. పన్నుకు ముందు లాభాన్ని చట్టం రేటుతో గుణించి మొదలవుతుంది, నిజంగా ఖర్చు రాసిన పన్ను దగ్గర ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య నాలుగైదు వరుసలుంటాయి. మాస్టారు ఎర్ర పెన్నుతో ఆ వరుసలకు గీత గీయించి, ప్రతిదాని పక్కన ‘ఎన్నాళ్లు?’ అని రాయించారు.

తర్వాత బోర్డు మీద లెక్క. ఎగుమతుల లాభంపై పన్ను రాయితీ ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో యూనిట్ ఉన్న ఒక కంపెనీకి పన్నుకు ముందు లాభం 100 కోట్లు అనుకుందాం. రాయితీ కోసం పాత పద్ధతిలోనే ఉండి, మ్యాట్ (కనీస ప్రత్యామ్నాయ పన్ను) కింద, 1961 చట్టం రేటు ప్రకారం, సుమారు 17.5 కోట్లు కడుతోంది. రాయితీ అయిపోయి కొత్త రేటుకు మారితే 25.2 కోట్లు కట్టాలి. తేడా 7.7 కోట్లు. మార్కెట్ ఆ షేరుకు లాభానికి ఇరవై రెట్లు ధర ఇస్తుంటే, ఆ తేడాకే 154 కోట్లు చెల్లిస్తున్నట్టు. రాయితీ ఇంకా మూడేళ్లే ఉంటే చేతికొచ్చేది 23 కోట్లు. పక్క కుర్చీలో ఉన్న ఇచ్ఛాపురం ధాన్యం వ్యాపారి ‘అమ్మో’ అన్నారు. మూడేళ్ల తర్వాత ఆరిపోయే దీపానికి ఇరవై ఏళ్ల నూనె ధర కట్టడమే కదా. నా ప్రశ్నకు జవాబు దొరికింది. మదుపరికి కోపం తక్కువ పన్ను మీద కాదు, నిలవని తక్కువ పన్నుకు పూర్తి ధర కట్టడం మీద.

మిగతా వరుసలు వేగంగా నడిపించారు. ‘గత సంవత్సరాల సర్దుబాటు’ అని ఉంటే అది ఒక్కసారి మురిపెం. విదేశీ అనుబంధ సంస్థల తక్కువ రేటు అయితే, అక్కడ నిజంగా మనుషులు, వ్యాపారం ఉన్నాయా అని వెతకాలి. పన్ను లాభం తప్ప వ్యాపార సారం లేని ఏర్పాట్లను పక్కన పెట్టే అధికారం 2017 ఏప్రిల్ 1 నుంచి పన్ను తప్పించుకోవడాన్ని అడ్డుకునే గార్ నిబంధనలతో శాఖకు వచ్చింది. ఆదాయపు పన్ను శాఖతో వివాదంలో ఉన్న మొత్తాలు కంటింజెంట్ లయబిలిటీల, అంటే రేపు మీద పడితే పడొచ్చనే బాకీల, నోట్‌లో ఉంటాయి. వాటిని కంపెనీ నికర విలువతో పోల్చి చూడాలి.

నగదు ప్రవాహ పట్టికలో ‘చెల్లించిన ఆదాయపు పన్ను’ను అయిదేళ్లు వరుసగా రాయమన్నారు. లాభం ఏటా పెరుగుతూ కట్టిన పన్ను కదలకపోతే కారణం వెతకాలి, తరుగుదల వల్ల కావచ్చు, లాభం కాగితం మీదిదే కావచ్చు. పన్ను గట్టిగా కట్టారంటే లాభం నిజమేనన్నట్టు కూడా ఒక మాట అన్నారు. నేను ఊరుకోలేదు. సత్యం కంపెనీ లేని ఆదాయం మీద కూడా పన్ను కట్టింది కదా అన్నాను. ‘నిజమేనమ్మా, అది ఆనవాలే గాని రుజువు కాదు’ అని ఒప్పుకున్నారు. అడ్డు తగిలితే చిరాకు పడని గురువు దొరకడం అరుదు.

మిహిర్ దేశాయ్, ధమ్మిక ధర్మపాల అమెరికా కంపెనీలపై చేసి 2009లో ప్రచురించిన పరిశోధన గురించి మాత్రం రెండు నిమిషాల్లో ముగించేశారు. పన్ను తప్పించుకోవడం వల్ల సగటున కంపెనీ విలువ పెరిగినట్టు తేలలేదు, పాలన బాగున్న కంపెనీల్లోనే పెరిగిందట. యాజమాన్యం మంచిదైతే మిగిలిన డబ్బు వాటాదారుకు చేరుతుంది, లేకపోతే దారిలోనే ఎవరి జేబులోకో పోతుంది. పొద్దుటి సెక్షన్లలో సగం తీసేసి దీనికి గంట ఇవ్వాల్సింది.

మాస్టారు ఏ షేరు కొనాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడకూడదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 జనవరిలో పెట్టిన నియమాన్ని గుర్తు చేసి, పాత ధరలే చూపించారు. అంత పద్ధతిగల మనిషి తరగతిలో, కింద మెట్ల దగ్గర కుర్రవాడొకడు ‘టిప్స్ గ్రూపు’ అంటూ ఫోను నంబర్లు రాసుకుంటున్నాడు. నేను ఇవ్వలేదు. ఆ కుర్రవాణ్ని తీసేస్తే బాగుంటుంది.

అయిదుకు మూడున్నర. బ్యాలెన్స్ షీట్ ఎప్పుడూ తెరవని వాళ్లకు ఇది బరువవుతుంది. రెండు మూడు కంపెనీల షేర్లు ఏళ్లుగా పట్టుకుని ఉన్నవాళ్లకు మధ్యాహ్నపు పాఠం ఒక్కదానికే రుసుము గిట్టుబాటు. వార్షిక నివేదిక అచ్చు ప్రతి తీసుకెళ్లండి, ఫోను తెర మీద ఆ పట్టిక చదవలేక పర్లాకిమిడి నుంచి వచ్చిన పెద్దాయన నా పుస్తకంలోకే తొంగిచూస్తూ కూర్చున్నారు.