ఆరు సరుకుల కోసం వెళ్లి 1,815 రూపాయల బిల్లు కట్టాను: నెల వెచ్చాలు కొనేవారికి ఒక జాగ్రత్త

తోటి కొనుగోలుదారులకు నమస్కారం. రెండు నెలల క్రితం ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక సూపర్‌మార్కెట్టులో నాకు ఎదురైన అనుభవాన్ని, అదే పొరపాటు మరొకరు చేయకూడదనే ఉద్దేశంతో, లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఆ దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పద్ధతులు ఆ ఒక్క చోటికే పరిమితం కావు.

ఆ రోజు మాకు కావలసినవి ఆరే సరుకులు: కిలో కందిపప్పు, కిలో మినపగుళ్లు, అర కిలో వేరుశనగ గుళ్లు, పావు కిలో చింతపండు, ఒక పెరుగు డబ్బా, అంట్లు తోమే సబ్బు. వీటన్నిటికీ కలిపి అయింది 572 రూపాయలు. చేతికి వచ్చిన బిల్లు మాత్రం 1,815 రూపాయలు. మిగిలిన 1,243 రూపాయలు దేనికి పోయాయో ఇంటికి వచ్చి బిల్లు చదివితే తప్ప నాకే తెలియలేదు. పెద్ద బిస్కెట్ పాకెట్లు రెండు 180, పండ్ల రసం డబ్బాలు రెండు 230, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న మసాలా ఓట్స్ 199, చీజ్ 155, కూల్‌డ్రింక్ సీసా 95, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు 249, బిల్లు కౌంటరు దగ్గర మా అబ్బాయి అడిగిన చాక్లెట్లు 120, ఇవన్నీ మోయడానికి చేతిసంచి 15. వీటిలో ఒక్కటి కూడా ఇంట్లో నిండుకున్న వస్తువు కాదు.

డబ్బు ఎక్కువ ఖర్చయిందన్న బాధ ఒక ఎత్తయితే, ఆ కొన్న సరుకుల విషయంలో జరిగింది మరొక ఎత్తు. ఓట్స్ పాకెట్ల మీద ఉన్న గడువు తేదీకి అప్పటికి 19 రోజులే మిగిలి ఉన్నాయి. ఉచితమన్న పెద్ద ఎర్ర అక్షరాలే నాకు కనిపించాయి కానీ, పాకెట్టు అడుగున చిన్నగా ముద్రించిన ఆ తేదీని నేను చూడలేదు. మొదటి పాకెట్టు సగం తినేసరికే గడువు దాటిపోయింది. రెండో పాకెట్టు విప్పితే పురుగు పట్టి ఉంది, దానిని అలాగే చెత్తబుట్టలో పారేశాను. ఉచితంగా వచ్చిందనుకున్నది చెత్తలోకి పోగా, నేను కట్టిన 199 రూపాయలు అర పాకెట్టు ఓట్స్ ధర అయింది.

పండ్ల రసం సంగతి ఇంకా స్పష్టమైన అన్యాయం. ఆ డబ్బాలు పెట్టిన అరకు అంటించిన ధర చీటీ మీద 99 రూపాయలని ఉంది, బిల్లులో ఒక్కొక్కటి 115 చొప్పున పడింది. మర్నాడు బిల్లు పట్టుకుని వెళ్లి అడిగితే, ఆ ఆఫరు శనివారంతోనే ముగిసిందనీ, చీటీ తీయడం మరిచిపోయామనీ, కౌంటరు దాటి వెళ్లిన తరువాత తామేమీ చేయలేమనీ చెప్పారు. పోయినది 32 రూపాయలే కావచ్చు, కానీ ఆ చీటీ చూసి చేయి చాచినవాళ్లు ఆ ఒక్క రోజులో ఎంతమందో ఆలోచించండి. నేను మళ్లీ లోపలికి వెళ్లి చూస్తే ఆ చీటీ అప్పటికీ అక్కడే ఉంది.

బిస్కెట్ల లెక్క మాత్రం మోసం కాదు, నా అజాగ్రత్త. పెద్ద పాకెట్టు ఎప్పుడూ చవకగా పడుతుందన్న నమ్మకంతో అర కిలోవి రెండు, ఒక్కొక్కటి 90 రూపాయలకు తీసుకున్నాను. అంటే గ్రాముకు 18 పైసలు. అదే బిస్కెట్టు పది రూపాయల పాకెట్టులో 62 గ్రాములు ఉంది, అంటే గ్రాముకు సుమారు 16 పైసలు. ఈ భాగహారం మనం చేసుకోనక్కరలేకుండానే, ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఇప్పుడు ఎమ్మార్పీతో పాటు కిలో లోపు సరుకుకు గ్రాము ధరను, కిలో దాటిన సరుకుకు కిలో ధరను ముద్రిస్తున్నారు. దయచేసి ఆ చిన్న అంకెను చదవడం అలవాటు చేసుకోండి. రెండు పరిమాణాలను పోల్చి చూడడానికి దానిని మించిన సాధనం అరల మధ్య మన చేతిలో వేరే ఏదీ ఉండదు.

ఇదంతా ఎందుకు జరిగిందని ఆలోచించినప్పుడు మా నాన్నగారి వెచ్చాల చీటీ గుర్తుకు వచ్చింది. ఆయన చింపిన క్యాలెండరు కాగితం వెనుక సరుకుల పేర్లు, పరిమాణాలు రాసి కిరాణా కొట్టులో ఇచ్చేవారు. కొట్టు ఆయన ఒక్కొక్కటే తూచి పొట్లాలు కట్టేవాడు, చీటీలో లేనిది సంచిలోకి వచ్చే దారే ఉండేది కాదు. సరుకుకూ మన చేతికీ మధ్య ఉన్న ఆ బల్లను తొలగించిన పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ అనే దుకాణంతో ప్రసిద్ధికెక్కింది. అందులో లోపలికి వచ్చినవారు అన్ని అరల ముందు నుంచీ నడిచి బయటపడేటట్లు దారిని అమర్చారు. 1937లో ఓక్లహోమా సిటీలోని మరొక దుకాణదారు చక్రాల బండిని ప్రవేశపెట్టాడు, దానితో చేతిబుట్ట బరువెక్కి ఇక చాలుననిపించే అవకాశం కూడా పోయింది. మా దగ్గరి దుకాణంలోనూ పెరుగు చిట్టచివరి మూలన ఉంటుంది, దాని దగ్గరకు చేరాలంటే బిస్కెట్లు, పానీయాలు, ప్లాస్టిక్ సామాను అన్నీ దాటాలి. చాక్లెట్లు మాత్రం బిల్లు వరుసలో, సరిగ్గా ఆరేళ్ల పిల్లవాడి కంటికి ఎదురుగా ఉంటాయి. వెనుక పదిమంది నిలబడి ఉండగా పిల్లవాడు మారాం చేస్తే కాదనడం ఎంత కష్టమో పిల్లలున్నవారికి తెలుసు. దానికి తోడు ఆ రోజు మేము మధ్యాహ్నం సరిగా తినకుండా వెళ్లాము, ఆకలి మీద ఉన్నప్పుడు తినుబండారాల అర ముందు నిలబడకూడదని నాకు అప్పుడు తోచలేదు.

ఫోనులో తెప్పించుకుంటే ఈ బాధ ఉండదని అనుకోవద్దు. డెలివరీ ఉచితం కావడానికి ఇంకా నలభై రూపాయలు తక్కువని చూపిస్తే, ఆ నలభై కోసం ఎనభై రూపాయల వస్తువును చేర్చిన సందర్భాలు నాకూ ఉన్నాయి. మనం ఎంచుకోనిదాన్ని బుట్టలో చేర్చడం, లేని తొందరను కల్పించడం వంటి 13 పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసి నిషేధించింది. అయినా డబ్బు చెల్లించే ముందు బుట్టలోని ప్రతి వరుసనూ చదవండి.

చట్టం విషయంలో ఒక తేడాను గుర్తుంచుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న సరుకును వెనక్కు తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది, బిల్లులో వాపసు గడువు రాయకపోతే 30 రోజులను ఆ గడువుగా చెబుతుంది. కానీ తొందరపడి కొన్నాను, ఇప్పుడు వద్దనుకుంటున్నాను అంటే దుకాణదారు తప్పనిసరిగా తీసుకోవాలని ఎక్కడా లేదు. అందువల్ల నా ప్లాస్టిక్ డబ్బాలకు, చీజ్‌కు ఎవరినీ అడిగే హక్కు నాకు లేదు. ధర చీటీ సంగతి వేరు. దాని మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి, బిల్లు వివరాలతో ఫిర్యాదు నమోదు చేయించాను. చీటీని ఆ రోజే ఫోటో తీసి ఉంటే నా మాటకు మరింత బలం ఉండేది, మీరు మాత్రం అనుమానం వచ్చిన వెంటనే ఫోటో తీయండి, కౌంటరు దగ్గర నుంచి కదలకముందే బిల్లును వరుసగా చూసుకోండి.

ఆ తరువాత మేము మళ్లీ కాగితం మీద చీటీ రాసుకుని వెళ్తున్నాము, ట్రాలీ బదులు చేతిబుట్ట తీసుకుంటున్నాము. చీటీలో లేని వస్తువు నచ్చితే దాని పేరును ఆ కాగితం వెనుక రాసుకుని వదిలేస్తున్నాము. గడచిన ఐదు వారాలలో అలా రాసుకున్నవి పదకొండు, తరువాతి వారం నిజంగా అవసరమై కొన్నవి రెండు.

మొన్న ఆదివారం వెళ్లినప్పుడు ఓట్స్ అర దగ్గర అదే ఎర్ర అక్షరాల బోర్డు ఉంది, పాకెట్టు తిప్పి చూస్తే గడువుకు 23 రోజులే మిగిలి ఉన్నాయి. పక్కన రెండు పాకెట్లు చేతిలో పట్టుకుని నిలబడిన ఒక పెద్దావిడకు ఆ తేదీ చూపించాను, ఆవిడ ఒకటి అరలో పెట్టబోయి, ఒకటే తీసుకుంటే ధర తగ్గదని తెలిసి రెండూ అక్కడే పెట్టేశారు.