ఎక్స్‌పీ, సెవెన్ ఉన్న ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్: మూడున్నరేళ్ల వాడకం

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత డాబా ఇల్లు. నాన్న గదిలో 2006లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది, విండోస్ ఎక్స్‌పీ. హాల్లో 2011లో కొన్నది ఇంకొకటి, విండోస్ 7. పాప తొమ్మిదో తరగతిలోకి వచ్చినప్పుడు, అంటే 2022 జూన్‌లో, వీటి మధ్యకి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు షాపుల్లో దొరకదు, రాసినా మీకు పనికిరాదు. పాతవాటితో అది ఎక్కడ కలిసింది, ఎక్కడ మొరాయించింది అన్నది మాత్రం ఏ కంపెనీది కొన్నా మీకూ ఎదురయ్యే సంగతే.

"పాతవి రెండూ తూకానికేసెయ్ బావా" అన్నాడు మా బావమరిది. చెప్పడం తేలిక. నాన్న పాతికేళ్లు డీటీపీ చేశారు, అంటే అచ్చుకి పేజీలు కంప్యూటర్‌లో కూర్చే పని. కొత్తపేట ప్రెస్సులకి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. ఇప్పుడు 72 ఏళ్లు. అయినా నెలకి నాలుగైదు శుభలేఖలు, ఒకటో రెండో పెద్దకర్మ కార్డులు వస్తూనే ఉంటాయి. ఆ పనంతా ఎక్స్‌పీ మీదే. సెవెన్‌లో మా తమ్ముడి మిర్చి వ్యాపారం లెక్కలు మా ఆవిడ చూస్తుంది. సెవెన్‌నే లెవెన్‌గా మార్చొచ్చు కదా అని కూడా అడిగాను. కుదరదు. లెవెన్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. మాది రెండో తరం.

అరండల్‌పేట షాపులో కుర్రాడు ప్రాసెసర్ గురించి, రంగుల గురించి చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌ని పక్కకి తిప్పి అంచులు చూస్తూ కూర్చున్నాను. రెండు మోడళ్లు మిగిలాయి. మొదటిది పలకలా పల్చగా ఉంది, కానీ రెండు టైప్-సీ పోర్టులు తప్ప ఇంకేం లేవు. రెండోది కాస్త మందం, చూడ్డానికి సాదాగా ఉంది. మామూలు యూఎస్‌బీలు రెండు, టైప్-సీ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి, ర్యామ్ 8 జీబీ, పైగా ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీ. పాప మొహం ముడుచుకున్నా రెండోదే తీసుకున్నాను, 52 వేలు. మూడున్నరేళ్లలో నేను చేసిన తెలివైన పని ఇదే అనుకుంటాను. నాన్న పెన్‌డ్రైవ్, పాత ప్రింటర్ కేబుల్, పాప మౌస్, అన్నీ ఆ మామూలు యూఎస్‌బీల మీదే బతుకుతున్నాయి.

లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టేది), డీవీడీ డ్రైవ్ రెండు మోడళ్లలోనూ లేవు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ కొన్నాను. మా పెళ్లి డీవీడీలు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాక దాన్ని మళ్లీ అట్టపెట్టెలోంచి తీయలేదు. అప్పటికే ఒక డీవీడీ బూజు పట్టి, అప్పగింతల దగ్గర ఆగిపోతోంది.

పాత మానిటర్‌కి వీజీఏ సాకెట్ మాత్రమే ఉంది. హెచ్‌డీఎంఐ ఒక వైపు, వీజీఏ ఒక వైపు ఉన్న ఉత్త కేబుల్ 150 రూపాయలకి ఇచ్చారు. తెర మీద బొమ్మ రాలేదు. హెచ్‌డీఎంఐలో వచ్చేది డిజిటల్, వీజీఏకి కావల్సింది అనలాగ్, మధ్యలో మార్చే చిప్ ఉండాలి. వేలెడంత డబ్బీ ఉన్న కన్వర్టర్ తెచ్చాక సరిపోయింది. ఎండాకాలం ఆ డబ్బీ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది గానీ ఇన్నాళ్లూ పనిచేస్తూనే ఉంది.

నెట్‌వర్క్ మాత్రం రెండు సాయంత్రాలు మింగేసింది. నాకు కావల్సింది చిన్నదే. నాన్న చేసిన కార్డు పీడీఎఫ్ ల్యాప్‌టాప్‌లోకి రావాలి, అక్కణ్నుంచి వాట్సాప్‌లో పెళ్లివారికి వెళ్లాలి. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ తెరిస్తే ఒక్క కంప్యూటరూ కనపడదు. మొదటి సాయంత్రం చివర్లో తెలిసిందేమిటంటే, ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి రౌటర్‌లో రెండు వైఫై పేర్లు పెట్టి వెళ్లాడు, పాప గెస్ట్ అన్నదానికి కనెక్ట్ అయింది. గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లో కంప్యూటర్లు కనపడవు. అది మార్చాను. అయినా ఖాళీయే. రెండో సాయంత్రం చూస్తే విండోస్ 11 మా ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్ కింద రాసుకుంది, అంటే మన ఇంట్లో ఉన్నా బస్టాండ్‌లో ఉన్నట్టే తలుపులన్నీ వేసుకుని కూర్చుంది. ప్రైవేట్ అని మార్చగానే సెవెన్ కనపడింది. ఎక్స్‌పీ ఎంతకీ రాలేదు.

ఎక్స్‌పీ రాకపోవడానికి కారణం వేరు. కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఎస్ఎంబీ అనే భాష వాడతాయి. ఎక్స్‌పీకి అందులో మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. 2017 మేలో వచ్చిన వన్నాక్రై వైరస్ ఆ వెర్షన్‌లో లోపాన్ని పట్టుకునే ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది చివర్నుంచి కొత్త విండోస్‌లలో దాన్ని ముందే తీసేసి ఇస్తున్నారు. కావాలంటే విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి టిక్ పెట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు. యూట్యూబ్‌లో అందరూ చెప్పే చిట్కా అదే. నేను పెట్టలేదు. మా ఆవిడ బ్యాంకు పనులు కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే చేస్తుంది. నాన్న ఫైళ్ల కోసం దానికి దొడ్డితలుపు తెరవడం నాకిష్టం లేకపోయింది.

దారి సెవెన్ చూపించింది. దానికి ఎక్స్‌పీ భాష వచ్చు, ఆ తర్వాతి వెర్షనూ వచ్చు. కాబట్టి సెవెన్‌లో "కార్డులు" అని ఒక ఫోల్డర్ షేర్ చేశాను. ఎక్స్‌పీ నుంచి నాన్న అందులో వేస్తారు, ల్యాప్‌టాప్ నుంచి మేము తీసుకుంటాం. సెవెన్ మధ్యలో దుబాసీ. ఒక్క జాగ్రత్త తీసుకున్నాను. ఎక్స్‌పీ, సెవెన్ రెండింటికీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరు) చేత్తో ఇచ్చి, బయటికి దారి చూపే డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలేశాను. అలా వదిలేస్తే ఇంట్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, బయటి ఇంటర్నెట్‌కి మాత్రం పోలేవు. సెవెన్‌కి 2020 జనవరి 14 నుంచే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దాన్ని నెట్‌లోకి వదలడం నాకు టెన్షనే.

అప్పుడింకో పేచీ. సెవెన్‌కి పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు. పెట్టాను. ఎక్స్‌పీలోంచి ఫోల్డర్ తెరవబోతే నాన్నకి పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది. "ఏందిరా ఇది, నా ఫైలుకి నాకే తాళమా?" అని వంటింట్లోకి వినపడేలా అరిచారు. మా పాత చేతక్ స్కూటర్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టానని చెప్పాక శాంతించారు. ఆ బండి 2009లోనే అమ్మేశాం, నంబరు మాత్రం ఆయనకి నోటికి వచ్చు.

ఇక తెలుగు. ఇది మీలో డీటీపీ పాతకాపులకి బాగా తెలిసిన బాధే. కొన్న వారంలో నాన్న 2008 నాటి మ్యాటర్ ఫైలు ఒకటి ఇచ్చి కొత్తదాంట్లో తెరవమన్నారు. వర్డ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో ఫ్రెంచి అక్షరాలు. వైరస్ అనుకుని పాప గబుక్కున మూసేసింది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకి సొంత కోడ్లు ఉండే పద్ధతి కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు ఊడిపోతుంది. ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్ ఎక్కించే ప్రయత్నమే చేయలేదు. ఎక్స్‌పీలో పేజ్‌మేకర్ 7.0తో పాటు వచ్చిన డిస్టిల్లర్‌లో పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా, అంటే ఫైల్లోనే ఇమిడిపోయేలా సెట్టింగు మార్చాం. ఇప్పుడు ఆ పీడీఎఫ్ ల్యాప్‌టాప్‌లోనే కాదు, పెళ్లికూతురి మేనమామ ఫోన్లో కూడా ఒత్తులు చెదరకుండా కనపడుతోంది.

ఎదురు దారి ఇంకా చిరాకు. ల్యాప్‌టాప్‌లో యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఎక్స్‌పీలో డబ్బాలు డబ్బాలుగా వచ్చేది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంటుంది, కాకపోతే రీజినల్ సెట్టింగ్స్‌లో ఇండిక్ భాషల టిక్ పెట్టాలి, టిక్ పెడితే ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ బీరువాలో ఇంటి దస్తావేజుల కింద దొరికింది. అలా చదవడానికైతే వస్తోంది. పేజ్‌మేకర్‌లోకి మాత్రం యూనికోడ్ తెలుగు రాదు, పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్‌ని ల్యాప్‌టాప్‌లో కన్వర్టర్‌తో అనులోకి మార్చి ఫోల్డర్‌లో వేస్తాను. కన్వర్టర్ ఒకటి రెండు ఒత్తులు మింగేస్తుంది, నాన్న కళ్లద్దాలు పెట్టుకుని సరిచేస్తారు. ల్యాప్‌టాప్ మీద నాన్న చేత టైప్ చేయిద్దామని చూశాను. ఆయన వేళ్లకి అలవాటు యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్, విండోస్ ఇచ్చేది ఇన్‌స్క్రిప్ట్, లేదంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫోనెటిక్. పది నిమిషాలు చూసి లేచిపోయారు. పాపకి ఫోనెటిక్ హాయిగా ఉంది.

ప్రింటర్ విషయంలో భయపడ్డాను, అనవసరంగా. మా క్యానన్ ఎల్‌బీపీ 2900కి 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ (కంప్యూటర్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) వేస్తే లెవెన్‌లో కిమ్మనకుండా పనిచేసింది. స్కానర్‌కి ఆ అదృష్టం లేదు. దానికి ఉన్నది 32 బిట్ డ్రైవరే, లెవెన్ వచ్చేదే 64 బిట్‌లో, 32 బిట్ డ్రైవర్ అందులోకి ఎక్కదు. స్కానర్ ఎక్స్‌పీ దగ్గరే ఉండిపోయింది. మీ ఇంట్లో పాత స్కానర్, వెబ్‌క్యామ్ లాంటివి ఉంటే కొనే ముందు 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో ఇంట్లో కూర్చునే వెతికి పెట్టుకోండి.

అసలు చెమటలు పట్టించింది వేరే సంగతి. 2024 మార్చిలో ఒక పొద్దున బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రాం) అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్ నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడిగింది. మర్నాడు పాపకి పరీక్ష, నోట్సన్నీ అందులోనే. లెవెన్ చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డిస్క్‌ని తనంతట తానే తాళం వేసుకుంటుంది, తాళంచెవి ఆ అకౌంట్‌లో దాస్తుంది. మంచిదే. కానీ మా అకౌంట్లన్నీ వెతికినా కీ లేదు. చివరికి గుర్తొచ్చింది. కొన్నరోజు షాపులో "సెటప్ మేమే చేసిస్తాం సార్" అని కుర్రాడు అప్పటికప్పుడు ఏదో మెయిల్ సృష్టించి లాగిన్ చేశాడు. మా అదృష్టం కొద్దీ ఆ మెయిల్, పాస్‌వర్డ్ బిల్లు వెనకాల పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. లాగిన్ అయితే 48 అంకెలూ అక్కడున్నాయి. మా ఆవిడ చదువుతుంటే నేను కొట్టాను, రెండోసారికి తెరుచుకుంది. ఆ సాయంత్రమే అకౌంట్ మార్చి, కీ కాగితం మీద ప్రింట్ తీసి గ్యాస్ పుస్తకంలో పెట్టాను. సెటప్ షాపులో చేయించుకోకండి, ఇంటికి తెచ్చుకుని మీ మెయిల్‌తోనే చేసుకోండి.

మిగతా వాడకం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2023లో ఇంకో 8 జీబీ ర్యామ్ వేశాక స్పీడు గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్యాటరీ కొత్తలో ఆరు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండుంపావు. గుంటూరు మే నెలలో పైఅంతస్తులో ఏసీ లేకుండా వాడితే ఫ్యాను హోరు పక్క గదిలోకి వినపడుతుంది, కింద రెండు పాత క్యాసెట్ డబ్బాలు పెట్టి ఎత్తు చేస్తే కొంచెం నయం. ఎడమవైపు మూత మడిచే కీలు దగ్గర ప్లాస్టిక్ చిట్లింది. సర్వీస్ వాళ్లు మూత మొత్తం మార్చాలని ఎనిమిది వేలు చెప్పారు, ఫెవిక్విక్‌తో రెండేళ్లు నడిచింది.

పోయిన నెల సెవెన్‌లో ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా) కాలిపోయింది. దుబాసీ పడుకునేసరికి నాలుగు రోజులు నాన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని రెండు గదుల మధ్య తిరిగారు. తొమ్మిది వందలు పెట్టి కొత్తది వేయించాను. అదే ఊపులో "కార్డులు" ఫోల్డర్, ఎక్స్‌పీ హార్డ్‌డిస్క్ మొత్తం ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టాను. మొదటి రోజే చేయాల్సిన పని.

వచ్చే జూన్‌కి పాప ఇంజినీరింగ్ హాస్టల్‌కి ఈ ల్యాప్‌టాప్ పట్టుకుపోతుంది, ఇంటికి ఇంకొకటి కొనాలి. ఈసారి షాపుకి తానే వస్తానన్నారు నాన్న. 2008 నాటి ఆ శ్రీరస్తు ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని ఇప్పటికే జేబులో పెట్టుకున్నారు.