జీ425 నుంచి ఐ230కి: గోల్ఫ్ ఐరన్లు మార్చిన ఏడాది తరువాత

గోల్ఫ్ క్లబ్‌లు చేసే పింగ్ సంస్థ 2021లో తెచ్చిన జీ425 ఐరన్లతో, అంటే బంతిని జెండా వైపు కొట్టే లోహపు తల క్లబ్‌లతో, నేను మూడేళ్లకు పైగా ఆడాను. హ్యాండిక్యాప్ (తగ్గేకొద్దీ ఆట మెరుగైనట్టు చెప్పే అంకె) 24 ఉన్నప్పుడు కొన్న ఆ సెట్‌తోనే 13 వరకు వచ్చాను. కిందటి ఏడాది అందులో సగం క్లబ్‌లను ఇంట్లో పెట్టి, వాటి స్థానంలో అదే సంస్థవారి ఐ230 ఐరన్లు తీసుకున్నాను. ఆట మెరుగుపడుతున్నవారు ఐరన్లు ఎప్పుడు మార్చాలన్న చర్చ మేం సాధన చేసే రేంజ్‌లో దాదాపు ప్రతి ఆదివారం వస్తుంది. హ్యాండిక్యాప్ 15కు దిగితే మార్చవచ్చునని ఒకరంటే, పది లోపుకు వచ్చేదాకా ముట్టుకోవద్దని మరొకరంటారు. నా విషయంలో ఆ అంకె ఏదీ తేల్చలేదు. మిగిలి ఉన్న తప్పు నా చేతిదా, క్లబ్‌దా అని విడదీసి చూసుకున్నాకే జవాబు దొరికింది, అదీ సెట్‌లో ఒక్కో నంబరుకు ఒక్కో విధంగా దొరికింది.

జీ425 గురించి ముందు మంచి మాటే చెప్పాలి. క్లబ్ తలలోని బరువును నడుమ కాకుండా అంచుల వైపు పంచడం పింగ్ వ్యవస్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ నాటి నుంచి వస్తున్న పద్ధతి. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా ఉన్న ఆయన 1959లో చేసిన పుటర్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే క్లబ్) బంతిని తాకినప్పుడు వచ్చిన ‘పింగ్’మనే మోతే సంస్థకు పేరయింది. పుటర్‌లో మొదలైన ఆ ఆలోచనను ఆయన తరువాత ఐరన్లకు కూడా తెచ్చారు. బరువు అంచులకు చేరితే, బంతి క్లబ్ ముఖం మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలి తిరగదు కనుక, దూరమూ దిశా కొంతవరకైనా నిలుస్తాయి. నేర్చుకుంటున్న రోజుల్లో నాకు కావలసింది సరిగ్గా అదే. క్లబ్ మొన (కర్రకు దూరంగా ఉండే చివర) దగ్గర తగిలిన బంతి కూడా గ్రీన్ (జెండా ఉండే రంధ్రం చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) ముందరి దాకా చేరుతుంటే ఆట మీద ఆశ నిలబడుతుంది. ఆ మూడేళ్లలో నేను రేంజ్‌కు వెళ్లడం మానకపోవడానికి ఆ ఐరన్లు కూడా ఒక కారణమని మనస్ఫూర్తిగా అంటాను.

అయితే మొదటి ఏడాదిన్నర నా బంతి పదేపదే ఎడమకు పోయేది. ఐరన్లు నాకు సరిపడలేదనుకుని, ఇంకొక సెట్ కొనబోయాను కూడా. నిజానికి లోపం మోడల్‌లో లేదు. నేను కొన్న దుకాణంలో నా ఎత్తు గానీ, మణికట్టు నుంచి నేల వరకు ఉన్న కొలత గానీ ఎవరూ తీసుకోకుండా, అరలో ఉన్న నల్ల చుక్క సెట్‌ను తీసి చేతికిచ్చారు. పింగ్ క్లబ్‌ల మీద ఉండే రంగు చుక్క లై కోణాన్ని, అంటే క్లబ్ కర్ర నేలతో చేసే కోణాన్ని, తెలుపుతుంది. నలుపు ప్రామాణిక కోణం, నీలం దానికన్నా నిటారు, ఎరుపు దానికన్నా వాలు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు కావడంతో, నేను నిలబడే తీరులో క్లబ్ మొన నేల నుంచి పైకి లేచి ఉండేది. మొన లేస్తే ముఖం ఎడమకు చూస్తుంది. దీన్ని కనిపెట్టడానికి యంత్రమేమీ అవసరం లేదు. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేలా పెట్టి కొడితే, దాని అచ్చు ముఖం మీద పడుతుంది. నా క్లబ్ మీద పడ్డ అచ్చు నిలువుగా లేదు, స్పష్టంగా పక్కకు ఒరిగి ఉంది. క్లబ్‌లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో లై ఒక డిగ్రీ వంచి సరిచేశాక, కొన్ని వారాల్లోనే బంతి తిన్నగా పోవడం మొదలైంది. ఆ రోజు కొత్త సెట్ కొని ఉంటే లక్ష రూపాయలకు పైగా ఖర్చయ్యేది, అదే తప్పు కొత్త క్లబ్‌లతోనూ చేస్తుండేవాణ్ణి. అందుకే ఐరన్లు మార్చాలనుకునేవారెవరైనా ముందు లై, షాఫ్ట్ (క్లబ్ కర్ర) సరిచూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మార్చవలసిన అసలు కారణం ఆ తరువాత ఏడాదికి గాని కనిపించలేదు. గోల్కొండ నయా ఖిలా గోడల మధ్య ఉన్న కోర్సులో ఒక మార్చి నెల ఉదయం, నా 7 నంబర్ ఐరన్ షాట్లు మూడు వరుసగా గ్రీన్ మధ్యలో పడి, ఆగకుండా దొర్లి గ్రీన్ అవతలి అంచు దాటి దిగిపోయాయి. మూడోసారి నా క్యాడీ (బ్యాగ్ మోసే సహాయకుడు), “సార్, బాల్ మంచిగనే పడ్డది, ఆగుతలేదు” అన్నాడు. కొట్టిన షాట్‌లో తప్పు లేదని ఆటను రోజూ చూసే మనిషి చెప్పడంతో, ఆ గ్రీన్ మీద బంతి పడిన చోటును వంగి చూశాను. అక్కడ గుంట లేదు, గోరుతో గీసినట్టు పలుచని గీత మాత్రమే ఉంది. ఎండలు ముదిరి గ్రీన్లు గట్టిపడే మన ప్రాంతంలో, అంత వాలుగా దిగే బంతి నిలవడం కష్టం.

ఆ వారమే రెండు పరీక్షలు చేశాను. మొదటిది నా చేతికి. క్లబ్ ముఖానికి పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే పూసి ముప్ఫై బంతులు కొడితే, ఇరవై మూడు గుర్తులు పది రూపాయల బిళ్లంత చోటులో పడ్డాయి. రెండేళ్ల క్రితం ఇదే పరీక్షలో ఆ చోటులో పడ్డవి పదకొండే, మిగిలినవి మడమ (కర్రకు దగ్గరి చివర) నుంచి మొన దాకా చెల్లాచెదురుగా ఉండేవి. రెండవది క్లబ్‌కు. లాంచ్ మానిటర్ (బంతి ప్రయాణాన్ని కొలిచే యంత్రం) మీద నా జీ425 7 నంబర్ క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) 153 గజాలు వచ్చింది, స్పిన్ నిమిషానికి 4,900 చుట్లు, దిగే కోణం 42 డిగ్రీలు. పీజీఏ టూర్‌లోని వృత్తి ఆటగాళ్ల 7 నంబర్ బంతి సగటున నిమిషానికి ఏడు వేల చుట్లు తిరుగుతూ సుమారు 50 డిగ్రీల కోణంలో దిగుతుంది. వారి వేగం నాకు లేదు, రాదు కూడా. కానీ మధ్యలో తగిలిన బంతి సైతం 42 డిగ్రీల్లోనే దిగుతున్నప్పుడు, దాన్ని ఆపడానికి నా స్వింగ్‌లో మార్చుకోవలసింది పెద్దగా లేదు. జీ425 7 నంబర్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) 30 డిగ్రీలు. ఐ230లో అదే నంబరు 33 డిగ్రీలు. ఫిట్టింగ్‌లో (క్లబ్ నాకు సరిపోతుందో లేదో కొలిచి చూసినప్పుడు) ఆ క్లబ్‌తో క్యారీ 143 గజాలకు తగ్గింది, స్పిన్ 6,100కు పెరిగింది, దిగే కోణం 47 అయింది. పది గజాలు పోయాయని నేను బాధపడలేదు. పోయిన దూరానికి, ఇంకా దూరం పోయే 6 నంబర్ తీసుకోవచ్చు, ఆగని బంతికి అలాంటి మార్గం లేదు.

ఎర్ర చుక్కతో చేయించుకున్న ఐ230తో ఈ ఏడాది ఆడాక చెప్పగలిగింది ఇది. కింద పెట్టి చూసినప్పుడు తల పొట్టిగా, పైఅంచు సన్నగా, ఆఫ్‌సెట్ (కర్రకన్నా ముఖం వెనక్కి ఉండటం) తక్కువగా కనిపిస్తుంది. మొదటి నెల ఆ సన్నదనం చూసి చేతులు బిగుసుకునేవి. సోల్ (తల అడుగు భాగం) వెడల్పు తగ్గడం వల్ల గడ్డి పలుచగా ఉన్న గట్టి నేల మీద క్లబ్ ఎగిరిపడకుండా బంతి కిందికి దిగుతుంది, ఇది నేను ఊహించని లాభం. గ్రీన్ మీద ఇప్పుడు నా బంతి చేసే గుంటను ఫోర్క్‌తో సరిచేయవలసి వస్తోంది. బంతి మడమ దగ్గర తగిలితే ఆ అదురు వేళ్లకు తెలుస్తుంది. జీ425లో ఎక్కడ తగిలిందో పౌడర్ గుర్తు చూస్తే గాని తెలిసేది కాదు, కాబట్టి తప్పును అక్కడికక్కడ దిద్దుకునే అవకాశం ఉండేది కాదు. దీని వల్ల నష్టం కూడా చెప్పాలి. అటువంటి దెబ్బకు జీ425లో ఆరేడు గజాలు తగ్గితే ఇందులో పన్నెండు దాకా తగ్గుతున్నాయి, గ్రీన్ ముందు బంకర్ (ఇసుక గుంట) ఉన్న చోట అది ఒక స్ట్రోక్.

5, 6 నంబర్లలో మాత్రం ఐ230 నాకు పనికిరాలేదు. నా వేగానికి ఆ క్లబ్‌లు బంతిని కావలసినంత ఎత్తుకు లేపలేదు, గుర్తులు కూడా ఆ పొడవు క్లబ్‌లలో ఇంకా చెదురుగానే పడుతున్నాయి. అంటే అక్కడ తప్పు ఇంకా నా చేతిదే, అంచులకు చేరిన బరువు సాయం నాకు ఇంకా కావాలి. అందుకని జీ425 5, 6, 7 ఉంచుకుని, ఐ230లో 7 నుంచి 9 తరువాత వచ్చే పిచింగ్ వెడ్జ్ వరకే కొన్నాను. 7 రెండు ఎందుకని చాలామంది అడుగుతారు. ఐ230 6 నంబర్ లాఫ్ట్ 29.5 డిగ్రీలు, పాత 7 లాఫ్ట్ 30. కాబట్టి పాత 7 ఇప్పుడు 6 పని చేస్తోంది, దాన్ని తీసేస్తే రెండు సెట్ల మధ్య పెద్ద ఖాళీ మిగులుతుంది. ఇలా కలిపి వాడాలనుకునేవారు క్లబ్ మీది నంబర్లను నమ్మకుండా లాఫ్ట్‌లను కాగితం మీద వరుసగా రాసుకోవాలి, బ్యాగ్‌లో ఉంచుకోదగిన 14 క్లబ్‌ల పరిమితినీ లెక్కలోకి తీసుకోవాలి.

బాగా ఆడేవారంటే బ్లేడ్లే (వెనుక బోలు లేని సన్నటి ఐరన్లు) వాడాలన్న భావన మనలో ఇంకా ఉంది. నార్వే ఆటగాడు విక్టర్ హోవ్లండ్ 2023లో పీజీఏ టూర్ సీజన్ టైటిలైన ఫెడెక్స్ కప్ గెలిచినప్పుడు ఆయన బ్యాగ్‌లో ఉన్నవి ఐ230కి ముందు మోడలైన ఐ210 ఐరన్లు, అవి కేవిటీ (వెనుక బోలు) ఉన్నవే. జీ సిరీస్‌తో పది లోపు హ్యాండిక్యాప్‌కు వెళ్లి, బంతిని హాయిగా ఆపుతున్నవారిని నేను రోజూ చూస్తున్నాను. వారి వేగం నాకన్నా ఎక్కువ, వారికి మార్చవలసిన పని లేదు.

రెండు 7లు తారుమారు కాకుండా పాతదానికి గ్రిప్ కింద ఎర్ర టేపు చుట్టాను. క్యాడీ ఇప్పుడు నంబరు అడగడం మానేశాడు, జెండా వైపు ఒకసారి చూసి, “సార్, ఎర్రది ఇయ్యాల్నా, ఉత్తది ఇయ్యాల్నా?” అంటాడు.