ఎంవీపీ కాలనీలో ఐస్ హాకీ సిమ్యులేషన్ లీగ్: ఒక సీజన్ సభ్యుడి సమీక్ష

విశాఖపట్నంలో హాకీ అనగానే టర్ఫ్ మైదానం గుర్తుకొస్తుంది, స్కేటింగ్ అనగానే బీచ్ రోడ్డులోని వుడా పార్కు రింకు గుర్తుకొస్తుంది. ఈ రెండూ ఒకచోట కలిసే ఐస్ హాకీని నేరుగా చూసినవారు మన ఊళ్ళో బహు తక్కువ. అయినా ఎంవీపీ కాలనీలో, ఉషోదయ కూడలికి దగ్గరలోని ఒక గేమింగ్ కేఫ్ మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం పన్నెండు మంది చేరి, కంప్యూటర్ మీద ఒక ఐస్ హాకీ లీగ్ నడుపుతున్నారు. ఒక పూర్తి సీజనుకు చందా కట్టి, ఆఖరి సమావేశం దాకా కూర్చున్న సభ్యుడిగా ఈ సేవ గురించి రాస్తున్నాను. కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున కేఫ్ పేరు రాయడం లేదు. ఆ కాలనీలో తిరిగేవారికి చోటు వెతుక్కోవడం కష్టం కాదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. నిర్వాహకులు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) చరిత్రలోంచి ఒక సీజనును ఎంచుకుంటారు. ఆ సీజనులో ఆడిన క్రీడాకారులందరినీ ఒక జాబితాగా ఇస్తారు. సభ్యులు వంతులవారీగా డ్రాఫ్ట్‌లో ఎంచుకుని తమ జట్లను కట్టుకుంటారు. లైన్లు (కలిసి మంచు మీదకు దిగే ఆటగాళ్ళ బృందాలు) వేయడం, పవర్ ప్లేకు (పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో మనిషి తగ్గినప్పటి ఆటకు) ఎవరిని దింపాలో చెప్పడం, గోలీని, అంటే గోల్ కీపర్‌ను నిర్ణయించడం మన పని. మ్యాచ్ నడపడం సాఫ్ట్‌వేర్ పని. వారానికి 5 మ్యాచ్‌ల చొప్పున 16 వారాల్లో 80 మ్యాచ్‌లు పూర్తయ్యాయి. ఈసారి ఎంచుకున్నది 1988–89. మ్యాచ్‌కు రెండు జట్లూ కలిపి సగటున 7కు పైగా గోల్స్ పడిన కాలమది. జట్లకు మన ఊరి పేట పేర్లే పెట్టారు. నాది భీమిలి జట్టు, పట్టికలో మధ్యన నిలిచింది. పెద్ద తారలెవరూ నా జట్టులో లేకపోవడం వల్ల, అవార్డు చర్చలో పక్షపాతం లేకుండా కూర్చోగలిగానని అనుకుంటున్నాను.

లీగ్ ముగిసిన తరువాత రెండు సమావేశాలు జరుగుతాయి. ఒకటి అత్యంత విలువైన ఆటగాడిని (ఇంగ్లీషులో ఎంవీపీ) ఎన్నుకోవడానికి, రెండోది వచ్చే సీజనుకు నియమాలు మార్చడానికి. ఎంవీపీ అన్న మూడక్షరాలు మన ఊళ్ళో మువ్వలవానిపాలెం కాలనీకి చెల్లిపోయాయి కనుక మా సభ్యులు ఆ అవార్డును హార్ట్ ట్రోఫీ అనే పిలుచుకుంటారు. ఎన్‌హెచ్‌ఎల్ ఇచ్చే నిజమైన హార్ట్ ట్రోఫీ 1924 నుంచి ఉంది. ‘తన జట్టుకు అత్యంత విలువైనవాడు’ అన్న నిర్వచనం మీద హాకీ రచయితలు ఓటు వేస్తారు. నేటి పద్ధతిలో ఒక్కొక్కరు 5 పేర్లు వరుసగా రాస్తే వాటికి 10, 7, 5, 3, 1 చొప్పున పాయింట్లు వస్తాయి.

1988–89ని ఎంచుకున్నందుకు నిర్వాహకులను మనసారా మెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ ఒక్క ఏడాదిలో ‘విలువ’ అన్న మాటకు ఉన్న మూడు అర్థాలూ మూడు వేర్వేరు చేతుల్లోకి వెళ్ళాయి. పిట్స్‌బర్గ్ ఆటగాడు మారియో లెమ్యూ 85 గోల్స్, 114 అసిస్టులతో (గోల్‌కు దారితీసిన పాస్‌లతో) 199 పాయింట్లు చేసి, అత్యధిక పాయింట్లకు ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ తీసుకున్నాడు. అతనికంటే 31 పాయింట్లు తక్కువ చేసిన వేన్ గ్రెట్‌స్కీకి హార్ట్ ట్రోఫీ దక్కింది. 1988 ఆగస్టులో అతను లాస్ ఏంజెలెస్‌కు మారాక, అంతకుముందు సీజనును జట్ల పట్టికలో 68 పాయింట్లతో ముగించిన ఆ జట్టు 91కి చేరింది. ఆటగాళ్ళే ఓటు వేసే పియర్సన్ అవార్డు, నేటి టెడ్ లిండ్సే అవార్డు, 155 పాయింట్లు చేసిన డెట్రాయిట్ ఆటగాడు స్టీవ్ ఐజర్‌మన్‌కు వెళ్ళింది. రచయితలు గ్రెట్‌స్కీని ఎన్నుకోవడం సరైనదేనా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. ఆ వాదనను పన్నెండు కొత్త జట్ల మీద మళ్ళీ మొదలుపెట్టే అవకాశం మాకు ఈ సేవ వల్ల దొరికింది.

మా లీగ్‌లో లెమ్యూ మధురవాడ జట్టుకు, ఐజర్‌మన్ పెందుర్తికి, గ్రెట్‌స్కీ సీతమ్మధారకు వెళ్ళారు. అయితే సమావేశంలో ఎక్కువసేపు నలిగిన పేరు ఈ ముగ్గురిదీ కాదు, గాజువాక గోలీ పాట్రిక్ ర్వాది. గాజువాక రక్షణ వరుస బలహీనమైనది. ప్రతి వారం ఆ జట్టు మీద పక్కు (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) వానలా పడింది. అయినా వారు ప్లేఆఫ్‌కు చేరారు. మధురవాడ నడిపే సభ్యుడు పాయింట్ల పట్టిక తీసి లెమ్యూ పేరు మీద వేలు పెట్టారు. ‘మాస్టారూ, పట్టికే తేల్చేస్తే ఇక మన ఓటెందుకండీ?’ అని గాజువాక సభ్యుడు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. 1962లో జాక్ ప్లాంట్ తరువాత మరో గోలీకి హార్ట్ ట్రోఫీ రావడానికి 35 ఏళ్ళు పట్టింది. 1997లో, మళ్ళీ 1998లో డొమినిక్ హాషెక్ గెలిచాడు. గోలీకి వేరే అవార్డు ఉంది కదా అని పక్కన పెట్టే అలవాటు అంత బలమైనది. కానీ సిమ్యులేషన్‌లో ఆ అలవాటును పాటించడానికి కారణం మరింత తక్కువ. అక్కడ ప్రతి షాట్‌కూ కొట్టినవాడి నైపుణ్యం, షాట్ స్థానం, గోలీ రేటింగ్ కలిపి ఒక సంభావ్యత తయారవుతుంది, ఆపైన యాదృచ్ఛిక సంఖ్య ఫలితాన్ని తేలుస్తుంది. సగటున చాలా షాట్లు లోపలికి వెళ్ళే ఆ కాలపు ఆటలో మంచి గోలీకి, మామూలు గోలీకి మధ్య తేడా ప్రతి షాట్ మీదా పనిచేస్తుంది. ఫార్వర్డ్ ఎంత గొప్పవాడైనా ఆ తేడా అతను మంచు మీద ఉన్న నిమిషాలకే పరిమితం.

ఇక్కడే చర్చ నన్ను నిజంగా ఆకట్టుకుంది. పెందుర్తి తరఫున వచ్చిన ఒక కాలేజీ విద్యార్థి నిలబడి, ర్వా ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడమన్నాడు. నిజమైన 1988–89లో మాంట్రియల్ అతన్ని 48 మ్యాచ్‌లకే దింపింది. మిగతావి ఎక్కువగా బ్రయాన్ హేవర్డ్ ఆడాడు. మా లీగ్‌లో గోలీలకు అలసట అన్న అమరికను నిర్వాహకులు మొదటి వారమే ఆపేశారు, అందువల్ల గాజువాక అతన్ని దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ నిలబెట్టగలిగింది. 48 మ్యాచ్‌ల ఆట మీద కట్టిన రేటింగుతో అన్ని మ్యాచ్‌లు ఆడించడం అంటే, ఆ సీజనులో ఎవరూ ఎన్నడూ చూడని ర్వాను సృష్టించడమే. ఆ విలువ ఆటగాడిదా, నియమంలోని ఖాళీదా? నేను అప్పటిదాకా ర్వాకు ఓటు వేయాలని నిశ్చయించుకుని ఉన్నాను. ఆ అబ్బాయి మాటలు విన్నాక నా కాగితం మీద రాసుకున్న ఆ పేరు కొట్టివేసి, ఐజర్‌మన్ పేరు రాశాను. పెందుర్తికి రెండో మంచి సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) లేడు, అతను ఆ లోటును పవర్ ప్లేలోనూ, ఒక మనిషి తక్కువగా ఆడేటప్పుడూ కూడా పూడ్చాడు. నాతో ఏకీభవించనివారే ఎక్కువ. చివరకు లెమ్యూ గెలిచాడు, ర్వా రెండో స్థానంలో నిలిచాడు.

ఫలితంతో నాకు పేచీ లేదు, పద్ధతితో ఉంది. నిర్వాహకులు ఒక్క పేరు మాత్రమే చెప్పమని చేతులెత్తించారు. ఒక్క పేరు పద్ధతిలో రెండో ఎంపిక అన్నది మాయమైపోతుంది. 2002లో జోస్ థియోడోర్, జరోమ్ ఇగిన్లా హార్ట్ ఓటింగ్‌లో సమాన పాయింట్లతో నిలిచినప్పుడు, మొదటి స్థానపు ఓట్లు ఎక్కువ వచ్చినందుకు థియోడోర్‌కు ట్రోఫీ ఇచ్చారు. అంత దగ్గరి పోటీని అంత స్పష్టంగా తేల్చగలగడం వరుస పేర్ల పద్ధతి ఉండబట్టే సాధ్యమైంది. పన్నెండు మంది ఓటర్లకు 5 పేర్లు ఎక్కువనుకుంటే 3 చాలు. మరో మాట, నిర్వాహకులు సమావేశం మధ్యలో ఆటగాళ్ళ అంతర్గత రేటింగులను తెర మీద చూపించారు. అది చాలా తప్పు అని నా గట్టి నమ్మకం. నిజజీవితపు ఓటరుకు ఆటగాడి అసలు సామర్థ్యం ఎన్నడూ కనబడదు, జరిగిన ఆటే కనబడుతుంది. మా ఓటు కూడా జరిగిన ఆటకే చెందాలి. రేటింగు చూశాక చర్చ ఆట మీద నుంచి అంకెల పెట్టె మీదకు జారిపోయింది, మళ్ళీ వెనక్కి రాలేదు. ఓటు పూర్తయ్యాక చూపిస్తే అందరికీ విద్యగా ఉండేది.

నియమాల సమావేశం వారం తరువాత జరిగింది. దీనికి వచ్చేసరికి నా అసంతృప్తి పెద్దది. ఎజెండాలో నాలుగు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటిది, గోలీని అతను నిజంగా ఆడిన మ్యాచ్‌ల సంఖ్యకు మించి దింపకూడదన్నది; ఇది అవార్డు చర్చలోంచే పుట్టింది కనుక అందరూ ఒప్పుకున్నారు. రెండోది, ఇరుజట్లకూ ఒకేసారి చిన్న పెనాల్టీ (రెండు నిమిషాలు బయట కూర్చునే శిక్ష) పడితే నలుగురితో నలుగురు ఆడాలన్నది. ఎడ్మంటన్ జట్టు వేగం ఆ ఖాళీ మంచు మీద మరీ ప్రమాదకరంగా మారడంతో 1985లో ఎన్‌హెచ్‌ఎల్ ఆ పద్ధతిని తీసేసి, 1992–93లో తిరిగి తెచ్చింది. మూడోది, 2015–16లో వచ్చిన ముగ్గురితో ముగ్గురు ఆడే ఓవర్‌టైమ్. నాలుగోది, మంచు మీది నీలి గీతను, మధ్య ఎర్ర గీతను ఒకేసారి దాటే పొడవైన పాస్‌ను, అంటే రెండు గీతల పాస్‌ను అనుమతించడం. 1956–57లో, చిన్న పెనాల్టీ పడినవాడు ఎదుటి జట్టు గోల్ కొట్టగానే తిరిగి రావచ్చన్న నియమం మాంట్రియల్ పవర్ ప్లే ధాటి వల్ల వచ్చిందని ఒక పెద్దాయన గుర్తుచేశారు. అంతకుముందు ఏడాది నవంబరులో జాన్ బెలివో ఒకే పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఒక్క జట్టు అతిగా రాణిస్తే నియమం మారడం హాకీకి కొత్త కాదని ఆయన చెప్పిన తీరు ముచ్చటగా ఉంది.

ఇంత మంచి ముడిసరుకు చేతిలో ఉండగా, నలభై నిమిషాల్లో నాలుగింటినీ ఒకే ఓటుతో ఆమోదించేశారు. నిజమైన లీగ్‌కు ఆ తొందరను క్షమించవచ్చు, ఎందుకంటే దానికి ముందుగా పరీక్షించుకునే వీలు తక్కువ. 1928–29లో మాంట్రియల్ గోలీ జార్జ్ హెయిన్స్‌వర్త్ 44 మ్యాచ్‌ల సీజనులో 22 మ్యాచ్‌లను ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముగించాడు. ఆట అంతగా బిగుసుకుపోయిందని మరుసటి సీజనుకు దాడి ప్రాంతంలో కూడా ముందుకు పాస్ ఇవ్వనిచ్చారు. వెంటనే ఆటగాళ్ళు గోల్ ముందే కాపు కాశారు, గోల్స్ కుప్పలు తెప్పలుగా పడ్డాయి, డిసెంబరులో సీజను మధ్యలోనే పక్కు కంటే ముందు ఎవరూ దాడి ప్రాంతంలోకి వెళ్ళకూడదని కట్టడి చేయవలసి వచ్చింది. 2005–06లోనూ అంతే. రెండు గీతల పాస్ మీద నిషేధం ఎత్తేయడం, అడ్డుకోవడాలకు కఠినంగా పెనాల్టీలు వేయడం ఒకే ఏడాది జరిగాయి. మ్యాచ్‌కు 5 పైచిలుకుగా ఉన్న గోల్స్ 6 దాటాయి. ఆ పెరుగుదలలో ఏ మార్పు వాటా ఎంతో విడదీయడం కష్టం, ఎందుకంటే పవర్ ప్లేలు కూడా అదే ఏడాది బాగా పెరిగాయి.

మనకు ఆ ఇబ్బంది లేదు కదా. అవే జట్లతో, అవే లైన్లతో, ఒక్క నియమం మాత్రమే మార్చి అదే సీజనును రాత్రికి రాత్రి వందసార్లు నడపవచ్చు. తరువాత మరో నియమం ఒక్కటే మార్చి మళ్ళీ నడపవచ్చు. సిమ్యులేషన్‌కు, నిజమైన ఆటకు మధ్య ఉన్న తేడాల్లో ఇంతకంటే విలువైనది నాకు కనబడదు. దాన్ని వాడుకోకుండా నియమాలు మార్చే లీగ్ తన చేతిలోని పనిముట్టును పెట్టెలో దాచుకున్నట్టే. పైగా రెండు గీతల పాస్ విషయంలో ఒక సంగతి ఓటు అయ్యాక తెలిసింది. వారి సాఫ్ట్‌వేర్‌కు ఆ నియమం అంటే ఏమిటో తెలియదు. ఆ నియమం పెట్టినట్టు చూపించడానికి లీగ్ మొత్తానికి షాట్ల సంఖ్యను కొంత శాతం పెంచుతారట. పొడవైన పాస్ అందుకునే వేగవంతుడికి, నీలి గీత దగ్గరినుంచి చూసి పాస్ ఇవ్వగల డిఫెన్స్‌మన్‌కు రావలసిన లాభం అందులో ఎవరికీ రాదు. అందరికీ సమానంగా నాలుగు షాట్లు ఎక్కువ పడతాయి. దాన్ని నియమ మార్పు అని పిలవడం సభ్యులను తప్పుదారి పట్టించడమే. ఏ నియమాన్ని సాఫ్ట్‌వేర్ నిజంగా అమలు చేస్తుందో, దేనికి అంకె మాత్రమే సవరిస్తుందో ఎజెండా కాగితం మీదే రాయాలని నేను అడిగాను. నాతో పాటు మరో ఐదుగురు సంతకం చేశారు.

మిగతా సంగతులు తొందరగా చెప్పేస్తాను. చందా ఈ ఊరికి న్యాయంగానే ఉంది. గణాంకాల కాగితాలు సోమవారం ఉదయానికల్లా ఫోనుకు చేరతాయి, ఆలస్యం కావడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎండాకాలంలో మేడ మీద ఉక్క భరించడం కష్టం. టీ బాగుంటుంది. కొత్తవారికి ఐసింగ్, ఆఫ్‌సైడ్ వంటి నియమాలు నేర్పడానికి నిర్వాహకులు చూపే ఓపిక నిజంగా గొప్పది. వుడా పార్కులో రోలర్ హాకీ ఆడే ఇద్దరు పిల్లలు మూడు వారాల్లో లైన్లు వేయడం నేర్చుకున్నారు. ఆట చూడటం తెలియనివారు కూడా నిస్సంకోచంగా చేరవచ్చు. లెక్కల మీద, వాదన మీద ఇష్టం లేనివారికి మాత్రం ఆదివారాలు పొడవుగా అనిపిస్తాయి.

వచ్చే సీజనుకు చందా కట్టాను. నాలుగు నియమాలనూ విడివిడిగా పరీక్షించి, ఫలితాల కాగితాన్ని డ్రాఫ్ట్‌కు ముందే అందరికీ ఇవ్వాలని, రెండు గీతల పాస్ మీద మళ్ళీ ఓటు పెట్టాలని మా ఆరుగురి విన్నపం నిర్వాహకుల దగ్గర ఉంది. గోలీ పరిమితిని ఇప్పటికే అమరికల్లో పెట్టేశామని వారు మొన్న ఫోన్ చేసి చెప్పారు; మిగతా మూడింటికీ డ్రాఫ్ట్ లోపు జవాబు ఇస్తామన్నారు.